పడవ పక్కన పలక

మొన్న అన్నం తింటుంటే మా ఆయన ఫోన్ నా ముఖానికి అడ్డం పెట్టి "గిది జూడు" అన్నాడు. పెద్ద చెరువు, దాని మీద తెల్లటి తెరచాపలు కట్టిన చిన్న చిన్న పడవలు, నడిపేవాళ్లంతా బడికి పోయే పిల్లలు. పందెం పోతున్నారు. ఒడ్డున జెండా ఇటు ఎగురుతుంటే ఒక పడవ అటు, గాలికి ఎదురుగా పోతోంది. మా ఆయన దాన్ని రెండుసార్లు చూసి, అడుగున మోటరు దాచిపెట్టి ఉంటారని తేల్చేశాడు. తెలియని సంగతి మీద అంత ధీమాగా మాట్లాడే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మోటరు లేదు, గాలితోనే పోతుంది అన్నాను. నీకెట్లా ఎరుక అన్నాడు. బడిలో సారు చెప్పాడన్నాను. మా సారు వారానికి మూడు రోజులు వచ్చేవాడు, వచ్చిన మూడు రోజులూ ఎక్కాలు అప్పజెప్పించుకుని పోయేవాడు. పడవల సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. నాకు అది నేర్పింది ఒక పిల్ల. ఆ పిల్ల గురించి కన్నతల్లికి కూడా పూర్తిగా చెప్పలేదు, కట్టుకున్నవాడికి ఎందుకు చెప్తాను? కానీ ఆ వీడియో చూసిన నాటి నుంచి ఆ పిల్లే కళ్ల ముందు ఉంటోంది. ఒకసారి బయటికి అనేస్తే తప్ప ఊరుకునేట్టు లేదు.

అప్పుడు నాకు పన్నెండు నిండి పదమూడు. తెలంగాణ వచ్చిన కొత్తలు. మాది నల్లమల అంచున, కృష్ణ వెనకనీళ్ల ఒడ్డు మీద ఊరు. అసలు ఊరు డ్యామ్ కట్టినప్పుడు మునిగిపోతే గుట్ట మీదికి ఎక్కి మళ్లీ ఇళ్లు వేసుకున్నారట. అవ్వ రోజూ పొద్దున పళ్లు తోముకుంటూ నీళ్లవైపు చూసి, తన పాత ఇంటి గుమ్మం ఎక్కడుందో వేలుపెట్టి చూపించేది. ఒకరోజు చూపించిన చోటు మరోరోజు చూపించేది కాదు. ఆ మాట నేనంటే వేపపుల్ల నా మీదికి విసిరేది.

ఊళ్లో సగం మంది మగవాళ్లకు చేపలే బతుకు, దానికి పుట్టే ఆధారం. వెదురు బద్దలతో పెద్ద గంపలాగా అల్లి, బయట యూరియా సంచులు చుట్టి, తారు పూస్తే పుట్టి అవుతుంది. గుండ్రంగా ఉంటుంది కాబట్టి దానికి ముందు లేదు, వెనక లేదు. ఒకటే తెడ్డు. నీళ్లను తెడ్డుతో మనవైపు లాక్కుంటూ పోవాలి, ఒక్క క్షణం ఆపితే గిర్రున తిరుగుతుంది. మా నాయిన కుడి భుజం ఎప్పుడూ వాచి ఉండేది. సాయంత్రం ఇంటికి వస్తే ఒంటి మీద తారు, చేప నీచు, చెమట కలిసిన వాసన. అవ్వ వేడి ఉప్పు మూటతో ఆ భుజానికి కాపడం పెట్టేది. జొన్నరొట్టె, చేపల పులుసు ముందు పెడితే ఆయన ఎడమచేత్తో తినేవాడు. ఎడమచేత్తో తింటావా అని అవ్వ తిట్టేది. అమ్మ మాత్రం తల తిప్పుకుని పొయ్యి ఊదుకునేది.

ఆ ఏడు శివరాత్రి దాటాక సముద్రం దిక్కు నుంచి కొన్ని కుటుంబాలు వచ్చాయి. లారీలో పడవలు వేసుకుని వచ్చి నీళ్లలో దించారు. మా ఊరికి తూర్పున నీళ్ల మధ్య మునగకుండా మిగిలిన గుట్ట ఒకటుంది, దాని మీద తాటాకు పాకలు వేసుకున్నారు. ఎండలు ముదిరేసరికి ఒక్క కుటుంబం తప్ప మిగతావాళ్లంతా చేపలు ఎక్కువ పడతాయని దిగువకు పోయారు, ఆ కుటుంబంలోని మగమనిషి కూడా వాళ్లతోనే పోయాడు. గుట్ట మీద మిగిలింది నలుగురు: ఒక ముసలాయన, ఆయన కోడలు, నా ఈడు మనవరాలు, రెండేళ్లు దాటిన మనవడు. వాళ్లకు ఒక పడవ.

మా ఊళ్లో తెరచాప పడవను చూడటం అదే మొదలు. దాని చాప కూడా విచిత్రమే. ఎన్నికల్లో కట్టిన ఫ్లెక్సీలు ఎక్కడో ఏరుకొచ్చి కుట్టుకున్నారు. ఎవరో నాయకుడు తలకిందులుగా దండం పెడుతూ నీళ్ల మీద తిరిగేవాడు. ఒడ్డున కూర్చున్నవాళ్లకు అది పెద్ద వేడుక. కానీ ఆ పడవ తెడ్డు వేయకుండా పొద్దున పోయి మధ్యాహ్నానికి వచ్చేది, నాయిన వాళ్లు దినమంతా తిరిగి తెచ్చిన చేపలకు రెండింతలు తెచ్చేది. దాంతో వేడుక కాస్తా మంటయింది. రాష్ట్రమే విడిపోయాక వీళ్లకు ఇక్కడేం పని అన్నారు. గాలికి ఎదురు పోతోందంటే అది పడవ కాదు, మంత్రం అని మా కులపెద్ద తీర్పు చెప్పాడు. గంపలో గిరగిర తిరిగే మనిషికి అంతకంటే ఏం తోస్తుంది? పడవ పక్కన మోకుకు వేలాడే పసుపు పూసిన చెక్కపలక ఒకటుండేది. మంత్రమంతా అందులోనే ఉందని కూడా ఆయనే చెప్పాడు.

అవ్వకు మంత్రం భయం లేదు. జొన్నలు, మిరపకాయలు మూట కట్టుకుని నాయిన పుట్టిలో ఆ గుట్టకు పోయేది, వాటికి బదులు ఎండు చేపలు తెచ్చుకునేది. నేనూ వెంట పోయేదాన్ని. ఆ కోడలు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట తాగేది. అవ్వ కళ్లు పెద్దవి చేసి చూసి, నాలుగో వారానికి తానూ ఒక దమ్ము లాగి నాలుక కాల్చుకుంది. పాక వెనక ముసలాయన గుగ్గిలం నూరి నూనెలో కాచి పడవ సందులకు పెట్టేవాడు. ఆ పొగ వాసన నాకు నచ్చేది, ఇప్పటికీ ఎక్కడ గుగ్గిలం వేసినా నాకు దేవుడు గుర్తురాడు.

ఆ పిల్లను నేను మొదట ఏడిపించాను. ప్రతి మాటకూ "ఏటి" అనేది, దాంతో ఏటి పిల్ల అని పేరు పెట్టి మా ఊరి పిల్లలందరికీ అంటించాను. చిన్నోణ్ణి ఇంకా ఏడిపించాను. వాడు నీళ్లలో పడకుండా నడుముకు తాడు కట్టి, ఆ తాడును పడవ మధ్య నిలబెట్టిన కొయ్యకు కట్టేవాళ్లు. తాడు ఎంత దూరం సాగుతుందో అంత దూరం వచ్చి నా వైపు చేతులు చాపేవాడు. చిక్కుడుకాయ అని చెప్పి పచ్చిమిరపకాయ పెట్టాను. వాడు కొరికి, ఏడ్చి, మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల నన్నేమీ అనలేదు, వాడి నోట్లో ఇంత బెల్లం పెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది. నాకు అప్పటిదాకా స్నేహితులంటే మాటకు మాట అనేవాళ్లే. ఇట్లాంటిదాన్ని ఏం చేయాలో తెలియక దోస్తీ చేశాను.

అదే నన్ను పడవ ఎక్కించింది. నిలబెట్టిన కొయ్య, దానికి పైన అడ్డంగా కట్టిన వాసం, ఆ వాసానికి వేలాడే చాప. చాప కింది కొసకు ఒక తాడు, అది ముసలాయన చేతిలో. వెనక చుక్కాని, అది ఆ పిల్ల చేతిలో. తాడు వదిలితే చాప టపటప కొట్టుకుంటుంది, లాగితే పొట్ట ఉబ్బి నిలబడుతుంది. ఉబ్బితేనే పడవ కదులుతుంది. ఇంతవరకు నాకూ అర్థమైంది. గాలికి ఎదురు ఎట్లా పోతుందని అడిగాను.

"గాలి ఎనకనుంచి తోస్తే ఎవులైనా ఎల్తారు, అందులో గొప్పేటున్నాది?" అంది. "పక్కనుంచి గాలొస్తే పడవ పక్కకి జారిపోద్ది. ఈ పలక నీట్లోకి దించితే జారనివ్వదు. పక్కకి ఎల్లనేక ముందుకెల్తాది."

నాకు ఎక్కలేదు. అప్పుడు అది చిన్నోడి గుప్పిట్లోంచి చింతగింజ ఒకటి తీసి, నీళ్లలో తడిపి, రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కింది. గింజ ఎగిరి నా నుదుటికి తగిలింది. ఒక వేలు గాలి, ఇంకో వేలు పలక, గింజ పడవ. వేలు ఒకటి తీసేస్తే గింజ కింద పడిపోతుంది, అంతే అంది. గాలికి ఎదురంటే మరీ నిటారుగా కాదు, గుట్ట ఎక్కే బాటలాగా ఇటు కొంత, అటు కొంత వంకరగా పోవాలి. తిరిగినప్పుడల్లా పలకను గాలి లేని వైపుకు మార్చి దించాలి. ముసలాయన ఆ మోకు ముడి వేసేటప్పుడు నోట్లో ఏదో గొణుక్కునేవాడు. మంత్రమా అని అడిగితే నవ్వి, "ముడి మర్సిపోకుండా సెప్పుకుంతన్నానమ్మా" అన్నాడు.

ఇదంతా ఇంటికి వచ్చి నాయినకు చెప్పాను. నా బుద్ధికి ఆ వయసులో కడుపులో మాట ఆగేది కాదు. పలక సంగతి మాత్రం ఆయన సగమే విన్నాడు. చాప మీదనే ఆయన పాణం. ఆ భుజంతో తెడ్డు వేసేవాడికి గాలే తోస్తుందంటే ఎవడికి ఆశ పుట్టదు? నాలుగు రోజులు కూర్చుని యూరియా సంచులు కుట్టి చాప చేశాడు. పుట్టి మధ్యలో వెదురు నిలబెట్టి, చుట్టూ మోకులు బిగించాడు. ఆషాఢం గాలి పడమటి నుంచి బలంగా వీస్తోంది. ఊరంతా ఒడ్డుకు వచ్చింది. నాయిన కొత్త తువ్వాల తలకు చుట్టుకుని పుట్టి ఎక్కాడు.

పోవటం మాత్రం బ్రహ్మాండంగా పోయింది. పిల్లలం ఒడ్డు వెంట ఉరికాం, అందుకోలేకపోయాం. గుట్ట కూడా దాటిపోయింది. తర్వాత ఆయన తిరిగి రావాలి కదా. చాపను ఎటు తిప్పినా పుట్టి తూర్పుకే పోతోంది, పోతూ గిరగిర తిరుగుతోంది. చాప దింపుదామంటే ముడి విడలేదు, తెడ్డు వేద్దామంటే గాలి ఊరుకోలేదు. చివరికి అవతలి ఒడ్డున తుమ్మ చెట్లలోకి పోయి తట్టుకుంది. పొద్దు వాలేవేళ ముసలాయన పడవ పోయి పుట్టిని వెనక తాడుకు కట్టుకుని ఇటు కొంత, అటు కొంత వంకరగా లాక్కొచ్చింది. నాయిన అందులో వాంతి చేసుకుని, తువ్వాల లేని తలతో కూర్చుని ఉన్నాడు.

ఊరు నవ్విన నవ్వు చెప్పలేను. ఆనాటి నుంచి నాయినకు ఇమానం అని పేరు పడింది, విమానం అన్నమాట. ఇమానం, ఇయ్యాల ఎటు లేస్తున్నవ్ అని చిన్నపిల్లలు కూడా అడిగేవాళ్లు. నీళ్ల కోసం వచ్చిన ఆడవాళ్లు ఆయన్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. మా అమ్మ కూడా ఒకరోజు అట్లాగే నవ్వింది. నాయిన చూశాడు. అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి అట్లాగే వదిలేసి లేచాడు. నాకు ఊరి మీద కోపం రావాలి. రాలేదు. నాయినను పుట్టితో సహా లాక్కొచ్చిన ఆ ముసలాయన మీద వచ్చింది. ఎందుకంటే అడగొద్దు, పదమూడేళ్ల దానికి కోపం ఎవరి మీద సులువో వాళ్ల మీద వస్తుంది.

నాయిన పక్కన కూర్చుని పలక సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. చింతగింజ నొక్కి చూపించాను. ఈసారి శ్రద్ధగా విన్నాడు.

"గా పలక లేకుంటే వాడు గూడ నా లెక్కనేనా?" అన్నాడు.

"గంతే నాయినా. నీ లెక్కనే కొట్టుకపోతడు."

పలక తెమ్మని నాతో అనలేదు, ఆ పాపం ఆయనకు కట్టను. రెండు రోజుల తర్వాత వలలు తీయడానికి పోతూ నన్ను కూడా పుట్టిలో ఎక్కించుకుని గుట్ట దగ్గర ఆపాడు. మిట్టమధ్యాహ్నం. పాకలో అందరూ పడుకుని ఉన్నారు, పడవ ఒడ్డున కట్టేసి ఉంది. నేను పోయి పలక విప్పుకొచ్చాను. టేకు పలక, నా ఎత్తులో సగం ఉంది. అది మోసుకుని వస్తుంటే నాయిన ముఖం అవతలికి తిప్పుకుని నీళ్లు చూస్తున్నాడు. పుట్టిలో పెట్టగానే తెడ్డు వేశాడు. ఇంటికి తెచ్చి జొన్న చొప్ప కింద దాచాం.

ఒక్కరోజు నవ్వుకుని ఇచ్చేద్దామనే అనుకున్నాను. ముసలాయన కూడా ఒకసారి అవతలి ఒడ్డుకు కొట్టుకుపోవాలి, ఊరంతా చూడాలి, ఇమానం అనే పేరు ఆయనకు పోవాలి, ఆ రోజే పలక తీసుకుపోయి పడవ పక్కన పడేసి రావాలి. ఇంతే నా లెక్క. కానీ మూడు రోజులు గాలి మరీ బలంగా వీచింది. మా పుట్లు ఏవీ కదల్లేదు, వాళ్ల పడవా బయటికి రాలేదు.

నాలుగో రోజు పొద్దున తలకిందుల నాయకుడు నీళ్ల మీద కనిపించాడు. మా ఊరికే వస్తున్నాడు. అంటే గాలికి ఎదురు. పని లేక ఉన్నవాళ్లంతా ఒడ్డున చేరారు. పడవ అడ్డంగా అవతలికి పోయింది, తిరిగింది, మళ్లీ అడ్డంగా ఇవతలికి వచ్చింది. గుట్ట పక్కన నీళ్లలో నల్లరాయి ఒకటి నిలబడి ఉంటుంది. ఎన్నిసార్లు అటూ ఇటూ పోయినా పడవ మళ్లీ ఆ నల్లరాయి దగ్గరికే వచ్చేది. ముందుకు పోయిందంతా పక్కకు జారిపోతోంది. ముసలాయన పలకకు బదులు తెడ్డును పక్కన నీళ్లలో గుచ్చి రెండు చేతులా పట్టుకున్నాడు. తెడ్డు వెడల్పు ఎంత, దాని బలమెంత? నాకు కిందనుంచి పైదాకా అంతా తెలుసు, చూస్తూ నిలబడ్డాను.

మా కులపెద్ద మంత్రం దిగిపోయిందన్నాడు. ఇంకొకాయన, "ఇమానం, ముసలోడు గూడ నీ లెక్కనే అయిపాయె" అన్నాడు. అందరూ నవ్వారు. నాయిన నవ్వాడు. పది రోజుల తర్వాత ఆయన పళ్లు కనిపించాయి. నిజం చెప్పాలంటే నాకు సంతోషమైంది, నేనూ నవ్వాను. గాలి మా వీపు మీది నుంచి వాళ్ల వైపు పోతోంది. మా నవ్వులు వాళ్లకు వినబడే ఉంటాయి. వాళ్ల కేకలు మాకు ఒక్కటీ వినబడలేదు.

పడవ ఆరోసారో, ఏడోసారో ఇవతలికి వచ్చినప్పుడు కోడలు లేచి నిలబడి, చిన్నోణ్ణి రెండు చేతుల మీద ఎత్తి మాకు చూపించింది. ఎందుకు చూపిస్తోందో ఎవరికీ తెలియలేదు, దండం పెట్టిస్తున్నట్టుంది అన్నారెవరో. నేను చూసింది వేరు. వాడి నడుముకు తాడు లేదు. చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి.

నాయినను పక్కకు లాక్కుపోయాను. చిన్నోడికి ఏదో అయింది, దవాఖానకు తెస్తున్నారు అన్నాను. మన పుట్టి ఎక్కితే తెడ్డు కూడా వేయనక్కర లేదు, గాలి అటే ఉంది, పలక ఇచ్చొద్దాం అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది. నీళ్లవైపు చూశాడు, ఒడ్డున ఉన్న మంది వైపు చూశాడు.

"ఇప్పుడిస్తే దొంగలమైతం," అన్నాడు. "గాలి తగ్గితే వాళ్లే వస్తరు. నోరు మూస్కో."

నోరు మూసుకున్నాను. నేనొక్కదాన్నే అరిచి చెప్పవచ్చు. ఇంటికి ఉరికి పలక తెచ్చి మంది ముందు పడేయవచ్చు. అప్పుడు పుట్టి దించడానికి నలుగురు ముందుకు వచ్చేవాళ్లే, మా ఊరి వాళ్లు నవ్వడంలో ఎంత ముందుంటారో చావు అంటే అంతే ముందు ఉరుకుతారు. నేను కదల్లేదు. నాయిన మళ్లీ తల ఎత్తుకున్నది ఆ పొద్దే, దాన్ని నేను దించలేకపోయాను అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. దొంగ అని నన్ను అంటారన్న భయం మిగతా సగం.

పొద్దు నడినెత్తి దాటాక గాలి పడిపోయింది. వాళ్లు చాప దింపేసి తెడ్లు వేసుకుంటూ వచ్చారు. ముసలాయన అరచేతులు చర్మం లేచి ఉన్నాయి. చిన్నోడికి ముందురోజు నుంచి వాంతులు, విరేచనాలు. కళ్లు లోపలికి పోయి, పెదాలు చీలి, నా వైపు చూసినా గుర్తుపట్టలేదు. అందరికంటే ముందు నీళ్లలోకి దిగింది మా నాయినే. పిల్లవాణ్ణి తల్లి చేతుల్లోంచి గుంజుకుని మా ఊరి గుట్ట పైకి ఉరికాడు. అంత వాచిన భుజంతో ఆయన అట్లా ఉరకగలడని నాకు తెలియదు. ఆటోలో మండలం దవాఖానకు చేర్చారు. సూదికి నరం దొరకలేదట. ఒక గంట ముందు తెచ్చి ఉంటే అని అక్కడ ఎవరో అన్నారట. ఆ మాట నాయినే ఇంటికి వచ్చి గోడకు చెప్పినట్టు చెప్పాడు.

అవ్వకు ఆనాడే తెలిసినట్టుంది. ముసలిదాని కళ్లకు చొప్ప కింద ఉన్నది కనబడకుండా పోతుందా? నేను అన్నం తినకుండా మూల కూర్చుంటే పక్కకు వచ్చి, "నాకు నలుగురు పిల్లలు వోయిండ్రు. తినకుంట కూసున్ననా?" అంది. తర్వాత గొడ్డలి తీసుకుని పెరట్లోకి పోయింది. మర్నాడు పొయ్యి మీద నీళ్లు కాగాయి. నాకు ఎన్నడూ లేంది తానే తలంటి పోసింది. ఆ నీళ్లు ఏ కట్టెలతో కాగాయో నాకు తెలుసు, పోయించుకున్నాను.

మూడో రోజు కబురు అందుకుని దిగువ నుంచి వాళ్ల మగమనిషి వచ్చాడు, వెళ్లిపోవడానికి లారీ పిలిపించారు. పడవను మా ఊరి ఒడ్డునే లారీకి ఎక్కిస్తున్నారు. ఆ సందట్లో ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. గడప బయటే నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి కానీ ఏడవటం లేదు. అవ్వ ఇచ్చిన జొన్నల సంచి ఒకటి వాళ్ల దగ్గర ఉండిపోయిందని మడత పెట్టి తెచ్చింది. అడుగుతుంది, ఇప్పుడు పట్టుకుని అడుగుతుంది అనుకున్నాను. అడిగితే ఒప్పుకుందామని కూడా అనుకున్నాను.

"తాత కూడు ముట్టట్నేదు," అంది. "మోకు ముడి నానే సరిగ్గా ఎయ్యనేదు, జారిపోయి పలక కొట్టుకుపోనాది, పిల్లణ్ణి నానే సంపీసినాను అంటన్నాడు. రెండు దినాలు గుట్ట సుట్టూ నీట్లో ఎతికినాడు. నువ్వు గుట్టకొచ్చిన ఆ చివరి దినం పలక ఉన్నాదా, సూసినావేటి?"

దానికి నా మీద అనుమానం లేదు. నన్ను సాక్ష్యం అడగడానికి వచ్చింది. ముడి బాగానే ఉంది అని నేను ఒక్క మాట అంటే చాలు, దాన్ని పట్టుకుపోయి ముసలాయన నోట్లో ఇంత అన్నం పెట్టాలని వచ్చింది. నాయిన ఇంట్లోనే ఉన్నాడు. వల బాగుచేస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"నేను జూడలే," అన్నాను.

అది తల ఊపింది. నమ్మింది. సంచి నా చేతిలో పెట్టి, మళ్లీ ఎప్పుడైనా మా దిక్కు వస్తే ఇంటికి రమ్మని చెప్పి పోయింది. లారీ కదిలినప్పుడు ముసలాయన పడవలోనే, కొయ్యకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒడిలో ఆ మోకు ఉంది. దాని కొస చేత్తో పట్టుకుని ముడి వేస్తున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ వేస్తున్నాడు.

ఇప్పుడు వెనకనీళ్ల మీద తెరచాప అన్నది లేదు. అందరికీ మోటర్లు వచ్చాయి, టూరిస్టుల లాంచీలు తిరుగుతున్నాయి. నాయిన చేపలు మానేసి ఐదారేళ్లయింది, ఇమానం అనే పేరు ఊరు ఎప్పుడో మర్చిపోయింది. ఆ పొద్దు సంగతి మేమిద్దరం ఇంతవరకు ఎత్తుకోలేదు. ముసలాయన ఈపాటికి పోయే ఉంటాడు. మనవణ్ణి తన చేతులే చంపాయని నమ్ముతూ పోయి ఉంటాడు. ఏ ఊరో అడిగి ఉంచుకోలేదు, తెలిసినా పోయి చెప్పేదాన్ని అని ప్రమాణం చేయలేను. నా సంగతి నాకు తెలుసు.

ఆ ముడి జారలేదు. తడిసి, బిగిసి, రాయిలాగా ఉంది. నా వేళ్లతో కాలేదు, కింద కూర్చుని పళ్లతో పట్టుకుని లాగితే కానీ సడలలేదు. ఎంతసేపు పట్టిందంటే, ఎవరైనా నిద్ర లేస్తారేమోనని రెండుసార్లు వదిలేసి వెనక్కి పోదామనుకున్నాను. ముసలాయన అంత గట్టిగా కట్టాడు.